మార్కర్ కూతురు ఓడిపోవడానికి వెళ్ళింది

బస్సు వెనకచక్రంలో గాలి పోయింది. డ్రైవర్ దిగి చక్రాన్ని ఒకవైపు తన్నాడు, కండక్టర్ దిగి రెండోవైపు తన్నాడు. ఏ రోడ్డు మీదైనా అంతే, బండి ఆగిందంటే ముందు తన్నులు, తరువాతే జాకీ. అప్పటిదాకా నోళ్ళు తెరిచి నిద్రపోతున్న ప్రయాణికులందరూ ఒక్క కుదుపుతో మెకానిక్కులైపోయి చుట్టూ చేరారు.

"బండి తెల్లగీత లోపలే ఉండిపోయింది. వెనకనుంచి ఏ లారీయో వచ్చి గుద్దితే?" అన్నాడు కండక్టర్.

"బయటే ఉందిరా బాబూ. కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నావా?" అన్నాడు డ్రైవర్.

జనం రెండు పార్టీలయ్యారు. అటు కొందరు, ఇటు కొందరు. చక్రం సంగతి ఎవరికీ గుర్తులేదు. కాస్త ఎడంగా, భుజాన పొడుగాటి సంచితో నిలబడ్డ ఒకావిడ వంగి చూసింది. యాభై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు.

"టైరు అంచు గీతను తాకుతోంది. తాకితే లోపలే," అంది. ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు సంచి సర్దుకుంది.

"మీరేమన్నా ట్రాఫిక్కా అమ్మా?" అన్నాడు డ్రైవర్ ఒళ్ళు మండి.

"ట్రాఫిక్కు కాదయ్యా, టెన్నిస్," అని వెనకనుంచి ఇంకో గొంతు వినిపించింది. మైలురాయి మీద గొడుగు వేసుకుని కూర్చున్న ముసలాయన, సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు, అటువైపు తల తిప్పాడు. "మనిషి కనబడటం లేదు గానీ ఆ గొంతు నాకు తెలుసు. అమ్మడూ, నువ్వేనా?"

ఆమె దగ్గరికెళ్ళి చూసింది. "కుర్చీ బాబాయ్! ఇంకా ఉన్నారా మీరు?"

"ఉన్నానే. బయట అని పైనుంచి ఎవరూ వేలెత్తలేదు మరి."

టెన్నిస్ కోర్టు పక్కన నిచ్చెనలాంటి ఎత్తుకుర్చీ ఉంటుంది, అంపైర్ కూర్చునేది. ఆయన సగం జీవితం దాని మీదే గడిపాడు. ఎత్తున కూర్చున్నవాళ్ళకు లోకం చిన్నదిగా కనిపిస్తుందంటారు. ఆయనకు ఇప్పుడు అసలే కనిపించడం లేదు.

ఇద్దరూ వెళ్ళేది ఒకే చోటికి. నగరంలోని పాత టెన్నిస్ క్లబ్బు తన స్వర్ణోత్సవం జరుపుకుంటోంది. అందులో చివరి అంశం, ముఖ్య అతిథితో ఒక సెట్టు ప్రదర్శన పోటీ. ఆడేది ఆమె. అంపైరు ఈయన.

"కళ్ళు కనబడవంటిరి, అంపైరింగు ఎలా చేస్తారు బాబాయ్?"

"కనబడవు కాబట్టే పిలిచారే. ముఖ్య అతిథి బంతి ఎక్కడ పడ్డా లోపల అనాలట. కళ్ళున్నవాడు అనడానికి కొంచెం నామోషీ పడతాడు కదా. నాకా ఇబ్బంది లేదు. మరి నిన్నెందుకు పిలిచారు?"

"ఓడిపోవడానికి," అంది ఆమె.

ముసలాయన గొడుగు ఊగేలా నవ్వాడు. "దానికి నిన్ను మించినవాళ్ళెవరే!"

మాట కటువుగానే ఉన్నా అబద్ధం కాదు. వృత్తిగా టెన్నిస్ ఆడినవాళ్ళు అనగానే కప్పులు ఎత్తుకుని ముద్దులు పెట్టుకునే ఫొటోలు గుర్తొస్తాయి మనకు. ఒక కప్పు ఒకరు ఎత్తాలంటే ఎంతమంది ఒట్టి చేతులతో ఇంటికి పోవాలో ఎవరూ లెక్క వెయ్యరు. ఆ ఒట్టి చేతుల జాతిలో ఆమె మహారాణి. పద్నాలుగేళ్ళు దేశాలు పట్టుకు తిరిగింది. రైలు దిగి, చవక గది వెతుక్కుని, తడి బట్టలు కిటికీకి ఆరేసి, పొద్దున్నే మొదటి రౌండు ఆడి, అవి ఆరకముందే మడతపెట్టుకుని ఇంకో రైలెక్కేది. తోటి ఆటగత్తెలు ఆమెను ప్రేమగా 'మొదటి రౌండ్ అక్క' అనేవాళ్ళు. ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రాలో ఆమె పేరు ఎదురైతే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాళ్ళు. గెలవలేదని కాదు, మధ్యమధ్య గెలిచేది. ఆ మరునాడు పత్రికలో ఆమె ఫొటో కింద ఓడిన అమ్మాయి పేరు పడేది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రచ్చ సంగతి అది. ఇంట్లో సంగతి ఇంకా అధ్వానం. అమ్మ ఆమె ప్రతి ప్రయాణానికీ ఊలు స్వెట్టరు సర్దేది, వేసవైనా సరే. "ఆ వల మీద నుంచి అటు వేస్తే చాలు కదే, అంత దూరం పోయి అది కూడా చెయ్యలేవా?" అనేది. అన్నయ్య చుట్టాలతో చెల్లెలు ప్రపంచస్థాయి అని చెప్పుకునేవాడు. ఫలితాలు అడిగితే, "అక్కడ వాతావరణం పడలేదండీ" అనేవాడు. పద్నాలుగేళ్ళు ఏ ఖండంలోనూ వాతావరణం పడని మనిషి ఆమె ఒక్కతే అయి ఉండాలి.

నిజంగా పెద్ద పోటీ గుమ్మం దాకా ఒక్కసారే వెళ్ళింది. అర్హత పోటీల ఆఖరి ఆట. అలాంటివి ఎక్కడో ప్రహరీ పక్క కోర్టులో పెడతారు. గీతల దగ్గర చూసేవాళ్ళు ఉండరు. ఎవరి వైపు పడ్డ బంతికి వాళ్ళే సాక్షి. అవతలి అమ్మాయి కొట్టిన బంతి మూలన గీతను పక్షి ఈక తాకినట్టు తాకింది. కుర్చీలో ఉన్నది బాబాయే. ఆయనకు అప్పట్లో కళ్ళు బాగానే ఉన్నాయి గానీ ఎదురెండ. చూసినది ఈమె ఒక్కతే. "లోపలే పడింది," అంది. గుమ్మం అక్కడే మూసుకుపోయింది. పత్రికలవాళ్ళు 'ఓటమిలోనూ ఉన్నతి' అని రాశారు, ఏదో సంఘం ఒక స్టీలు ఫలకం ఇచ్చింది. అమ్మ దాన్ని నీళ్ళ డ్రమ్ము మీద మూతగా పెట్టింది, సరిగ్గా సరిపోయింది. అన్నయ్య ఇప్పటికీ, "ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటే పోయేదిగా!" అంటాడు. ఆమెకు అందులో గొప్పేమీ కనిపించలేదు. పడింది కాబట్టి పడిందంది. పడని దాన్ని పడిందనమంటే అప్పుడు చూడాలి గొప్ప.

ఎడమ భుజం పోయాక ఆట మానేసి ఒక బడిలో ఆటల టీచరుగా చేరింది. ఆటల పీరియడు లెక్కల మాస్టారు తీసుకునేవాడు. ఆటస్థలం మాస్టార్ల స్కూటర్లు తీసుకున్నాయి. ఈల మాత్రం ఆమెకు మిగిలింది, అది కూడా ప్రధానోపాధ్యాయురాలికి తలనొప్పి అని ఊదేది కాదు.

"అదంతా సరే," అన్నాడు బాబాయ్. "ముఖ్య అతిథికి ఓడిపోతే నీకేం ఒరుగుతుంది?"

"వెనక కోర్టు."

ముసలాయన నవ్వు ఆపేశాడు. ఆ రెండు మాటలతో ఆయనకు అంతా తెలిసిపోయింది.

ఆ క్లబ్బులో ఆమె తండ్రి మార్కరు. మార్కరు పని తెల్లారకముందే మొదలవుతుంది. ఎర్రమట్టి తడపడం, రోలరు లాగడం, మేకులకు తాడు కట్టి వంగి సున్నంతో గీతలు గీయడం. సాయంత్రం జోడీ దొరకని సభ్యుడెవరైనా ఉంటే అతనితో ఆడడం, ఆడి ఓడిపోవడం. సభ్యుడికి బాగా ఆకలి పుట్టి, ఇంటికెళ్ళి పెళ్ళాంతో గొప్పలు చెప్పుకునేంత అందంగా ఓడిపోవాలి. అదీ ఉద్యోగంలో భాగమే. సభ్యులందరూ వెళ్ళాక వెనక కోర్టులో, వాళ్ళు పారేసిన బంతులతో కూతురికి నేర్పాడు. ఆ పుర్రచేతి పిల్ల ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది: "అంత ఘోరంగా ఆడే ఆయనకి ఎలా ఓడిపోతావు నాన్నా? ఆయన బంతులన్నీ బయటే పడతాయిగా?"

"పడనిస్తేగా!" అన్నాడు తండ్రి. "నేల తాకకముందే ముందుకురికి కొట్టేస్తా, కొట్టి నెట్టులో పారేస్తా. నేల తాకితే బయట అనాల్సొస్తుంది. ఎలాగైనా ఓడిపోవచ్చే, గీత మీద మాత్రం అబద్ధమాడకూడదు. పొద్దున్నే నడుం వంచి గీసింది నేను."

ఇప్పుడు ఆ వెనక కోర్టుకు శిక్షకురాలిగా ఆమెను తీసుకుంటామన్నాడు క్లబ్బు కార్యదర్శి. లేకపోతే ఆ చోటు కార్లు నిలపడానికి పోతుంది. కార్యదర్శి వృత్తికి పళ్ళ డాక్టరు. ఫోనులో కూడా నోరు తెరిపించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది. "క్లబ్బు స్థలానికి లీజు గడువు పొడిగించేది ఆ ముఖ్య అతిథేనండి. ఆయన సంతోషంగా ఇంటికెళ్ళాలి, అంతే. ఒక్క అరగంట ఓపిక పట్టండి మేడం, నొప్పి తెలియదు. అయినా ఓడిపోవడం మీకు కొత్తా?"

"ఏమన్నావు మరి?" అన్నాడు బాబాయ్.

"సరే అన్నాను. మా నాన్న రోజూ చేసిన పని నేను ఒక్కరోజు చెయ్యలేనా?"

చక్రం బిగించారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, ఆమె ఆ గుడ్డి అంపైరుని చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది.

*

క్లబ్బులో కుర్చీలన్నీ నిండాయి. పోటీకి ఏరికోరి వెనక కోర్టునే పెట్టారు. ముఖ్య అతిథి మోకాళ్ళకు ఎర్రమట్టి మెత్తగా ఉంటుందని ఎవరో డాక్టరు సభ్యుడు చెప్పాడట. గోడ పక్కన రోలరు అలాగే ఉంది, తుప్పు పట్టి. ఆమె వెళుతూ వెళుతూ దాని పిడిని ఒకసారి తాకింది.

ముఖ్య అతిథి తల నుంచి కాలి దాకా కొత్త తెల్లబట్టల్లో వచ్చాడు. షర్టుకి ధర చీటీ తియ్యడం మాత్రం మరిచిపోయారు, అది మెడ వెనక ఊగుతోంది. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఒకడు తువ్వాలు, ఒకడు నీళ్ళు, ఒకడు ఆయన రెండో రాకెట్టు పట్టుకున్నారు. నాలుగోవాడి చేతిలో ఏమీ లేదు, అతను చప్పట్లకు.

"ఏమీ మొహమాటపడకండి మేడం," అన్నాడు ముఖ్య అతిథి వల దగ్గర చెయ్యి కలుపుతూ. "మీ ఆట మీరు ఆడండి. నాకు దయ చూపిస్తే గిట్టదు."

"అలాగే సార్," అంది ఆమె.

కష్టపడి ఓడిపోవడం ఒకటి, కావాలని ఓడిపోవడం ఒకటి. మొదటిదానిలో ఆమెకు జీవితకాలపు అనుభవం. రెండోది కొత్త విద్య. మొదటి సర్వీసు చేస్తూ బంతిని నెట్టులోకి కొడదామని చూసింది. చెయ్యి వినలేదు. బంతి పోయి అవతలి మూలన పడింది. ముఖ్య అతిథి దాన్ని చూడనైనా లేదు. కార్యదర్శి కుర్చీలోంచి సగం లేచాడు, పన్ను పీకుతుంటే రోగి కరిచినట్టు.

తరువాత గట్టిగా మనసు పెట్టి నెట్టుకే గురిపెట్టింది. బంతి వల అంచున తగిలి, కాసేపు ఆలోచించుకుని, అవతలికే జారిపడింది. పద్నాలుగేళ్ళు ఆ అంచు ఒక్కసారి ఆమెకు కలిసిరాలేదు. ప్రతి దేశంలోనూ బంతిని వెనక్కే తోసింది. ఇవాళ మూడుసార్లు వరుసగా దయ తలచింది. అదృష్టానికి కూడా వయసైపోయి తారీఖులు తప్పిపోతాయేమో.

అలా మూడు గేములు పొరపాటున గెలిచింది. గట్టున కూర్చున్న సభ్యుల మొహాలు వాడిపోయాయి. ఓడిపోవడంలో తలపండినవాళ్ళు వాళ్ళు. బదిలీలకూ లైసెన్సులకూ బిల్లులకూ ఎన్ని సెట్లు సమర్పించుకున్నారో! "నేర్పు లేదండీ ఆవిడకి," అని ఒక కాంట్రాక్టరు పక్కాయనతో పెదవి విరిచాడు.

అప్పుడు ఆమె తండ్రి విద్య బయటికి తీసింది. వల దగ్గరికి బాగా జరిగి నిలబడింది. ముఖ్య అతిథి ఏది కొట్టినా, ఆకాశానికి కొట్టినా పక్కకు కొట్టినా, నేల తాకకుండా ఉరికి తాకి నెట్టులో పారేసింది. సర్వీసు బంతిని కూడా వదలలేదు. సర్వీసు నేల తాకకముందే అవతలివాళ్ళు ముట్టుకుంటే పాయింటు సర్వీసు చేసినవాడిదే, అది నియమం. ఆయన బంతులు ఎక్కడెక్కడ పడవలసినవో ఆమెకు తెలుసు, ఒక్కటీ పడనివ్వలేదు. లోపలా బయటా అన్న ప్రశ్నే లేదు. ఒక్క అబద్ధమూ లేకుండా, అక్షరాలా నియమం ప్రకారం ఓడిపోతోంది.

కుర్చీ మీద బాబాయ్‌కి చప్పుళ్ళు వినబడుతున్నాయి. రాకెట్టు చప్పుడు, వెంటనే రాకెట్టు చప్పుడు, మధ్యలో నేల చప్పుడు లేదు. సంగతి అర్థమై ఆయన భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు. "మీ నాన్నే దిగాడే," అని గొణిగాడు. అతిథి బంతులు నెట్టులో పడ్డప్పుడు మాత్రం ఆయనే, "గాలి వీచింది, మళ్ళీ కొట్టండి సార్," అంటూ వచ్చాడు. ఆ సాయంత్రం ఆకు కదలలేదు.

ముఖ్య అతిథి ఐదు గేములు గెలిచాడు. "నా సర్వీసు ఆవిడకి అందడం లేదు," అని తువ్వాలువాడితో అన్నాడు. ఇక ఒక్క పాయింటు. పళ్ళ డాక్టరు పూలగుత్తి చేతిలోకి తీసుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

ఆమె మెల్లగా సర్వీసు చేసింది. ముఖ్య అతిథి కళ్ళు మూసుకుని చెయ్యి విసిరాడు. బంతి రాకెట్టు చట్రానికి తగిలి నిట్టనిలువుగా లేచింది. లేచి, ఆమె తల మీదుగా వెనక్కి పోయింది. ఆమె పరిగెత్తింది. అందుకోవాలి, నేల తాకకముందే అందుకోవాలి. ఎడమ చెయ్యి ఎత్తింది. ఆ పాత భుజం చెవి దాకా వచ్చి, ఇక నావల్ల కాదని ఆగిపోయింది.

బంతి నేల తాకింది. గీతకు జానెడు వెనక.

"లోపలే!" అన్నాడు బాబాయ్ ఠక్కున. "ఆట ముగిసింది!"

చప్పట్లు మోగాయి. ఆమె చెయ్యవలసింది ఒక్కటే, వల దగ్గరికి నడిచి నవ్వుతూ చెయ్యి కలపడం. నడుద్దామనే అనుకుంది. చూస్తే తన చూపుడువేలు పైకి లేచి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. దాన్ని ఆమె కూడా అందరిలాగే ఆశ్చర్యంగా చూసింది.

చప్పట్లు ఒక్కొక్కటిగా రాలిపోయాయి.

"మేడం," అన్నాడు కార్యదర్శి పరిగెత్తుకొచ్చి, పళ్ళ మధ్యనుంచి. "వేలు... వేలు దించండి. అంపైర్ గారు లోపలన్నారు."

"నా వైపు పడిందండి. బయట పడింది."

"మీ కోర్టు సంగతి గుర్తుందా అసలు?"

"దానిగురించే చెబుతున్నాను," అంది. ఎర్రమట్టి మీద ఆడేవాళ్ళ పద్ధతి ప్రకారం రాకెట్టు అంచుతో బంతి గుర్తు చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టింది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని దాని అర్థం.

ముఖ్య అతిథి స్వయంగా వచ్చాడు. "నేను క్రీడాస్ఫూర్తి ఉన్న మనిషిని. నిజమే చూడండి," అన్నాడు. నిజం చూడమని అంత పెద్ద మనిషి ఆజ్ఞాపించాక సభ్యులు ఊరుకుంటారా? అందరూ లేచొచ్చి సున్నా చుట్టూ వంగారు. ఒకాయన ఇది వేరే బంతి గుర్తన్నాడు. ఒకాయన బంతి గాల్లో ఉన్నప్పుడు లోపలే ఉందన్నాడు. కాంట్రాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని జేబులోంచి టేపు తీసి, అటు కొలిచి, ఇటు కొలిచి, గొంతు సవరించుకున్నాడు.

"బంతి తప్పు లేదు సార్. గీత తప్పు. ముందుకి గీసేశారు. ఇంకో జానెడు వెనక ఉండాలి."

అందరి మొహాలూ వెలిగాయి. ఇంత తేలికైన సంగతి ఇంతసేపూ తట్టనందుకు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎప్పుడు పెట్టిన కొలతలో పాపం. ఎవడో చదువురాని మార్కరు," అన్నాడు కార్యదర్శి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. "ఎవరక్కడ? సున్నం బండి తీసుకురండి!"

ఆడలేనివాడు మద్దెల ఓటిదంటాడని సామెత. సామెత పుట్టిన రోజుల్లో మద్దెలను మార్చేసే సౌకర్యం లేదు కాబోలు. బండి వచ్చింది. తాడు లేదు, మేకు లేదు, సభ్యులే అటూ ఇటూ నిలబడి దారి చూపిస్తుంటే సున్నం గీత జానెడు వెనగ్గా, కొంచెం వంకరగా, బంతి గుర్తు మీదుగా సాగింది. ముఖ్య అతిథి దగ్గరుండి పర్యవేక్షించాడు. మెడ వెనక చీటీ ఊగుతూనే ఉంది.

"చూశారా మేడం, ఇప్పుడు లోపలే ఉంది," అన్నాడు పళ్ళ డాక్టరు వంగినచోట నుంచే. "ఎవరికీ నొప్పి లేదు. మీరూ నిజమే చెప్పినట్టు, సారూ గెలిచినట్టు. వచ్చే వారం నుంచి మీరు పిల్లల్ని ఇక్కడికే..."

తల తిప్పి చూస్తే పక్కన ఆమె లేదు.

సంచి భుజాన వేసుకుని గోడ వెంట నడుస్తోంది. సభ్యులు వచ్చే పెద్ద గేటు వైపు కాదు, మార్కర్లు వచ్చే చిన్న తలుపు వైపు. తండ్రి పెట్టిన కొలత మీదే ఇన్నాళ్ళూ గీస్తూ వచ్చిన పాత గీత మీదుగా వెళ్ళవలసి వచ్చినప్పుడు, తొక్కకుండా అడుగు పెద్దది చేసి దాటింది.

"అమ్మడూ!" అని ఎత్తుకుర్చీ మీదనుంచి బాబాయ్ గాల్లోకి కేకేశాడు. "ఏమైందే అక్కడ? స్కోరెంతా?"

చిన్న తలుపు గడియ చప్పుడు ఒకటి వినిపించింది ఆయనకు.